కాల్గూర్లీ ఎర్రనేలలో బంగారం వెతికే మెటల్ డిటెక్టర్ దించే ముందు జాగ్రత్తలు

కాల్గూర్లీ లాంటి పశ్చిమ ఆస్ట్రేలియా బంగారు నేలల్లో ఇనుప కంకర ఎక్కువ. వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే మామూలు రకం) మెషీన్ అక్కడ అడుగడుగునా ఊరికే అరుస్తుంది, పల్స్ ఇండక్షన్‌దే (కరెంటును చిన్న చిన్న పల్స్‌లుగా పంపే రకం) తీసుకెళ్లండి. మైనర్స్ రైట్ (బంగారం వెతకడానికి ప్రభుత్వం ఇచ్చే) అనుమతి వెంట ఉండాలి.

- ముందు స్కిడ్ ప్లేట్, అంటే కాయిల్ (డిటెక్టర్ చివర నేలమీద ఊపే చక్రం) కింది తొడుగు, విప్పి తుడవండి. చాలామంది వదిలేసేది ఇదే. లోపల చేరిన నల్ల ఇనుప ఇసుక కాయిల్ ఊపినప్పుడల్లా అటూ ఇటూ జరుగుతుంది. ఇక గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఇనుముకు మెషీన్‌ను సర్దడం) ఎన్నిసార్లు చేసినా నిలవదు.
- కేబుల్‌ను రాడ్‌కు బిగుతుగా చుట్టండి. వేలాడే కేబుల్ దొంగ సిగ్నల్ ఇస్తుంది.
- ఇనుప ముక్కున్న బూట్లు వద్దు. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి.
- ఆన్ చేశాక కొన్ని నిమిషాలు వేడెక్కనిచ్చి, కాయిల్ కదపకుండా నాయిస్ క్యాన్సిల్ (బయటి విద్యుత్ గోలను తగ్గించే సెట్టింగ్) చేయండి.
- గ్రౌండ్ బ్యాలెన్స్‌కి లోహం లేని చోటు వెతకండి. కింద మేకు ఉంటే మెషీన్ దానికే సర్దుకుంటుంది. కాయిల్‌ను నేలకు 2-3 సెం.మీ. నుంచి 20 సెం.మీ. దాకా నిదానంగా లేపుతూ దించుతూ ఉండండి. థ్రెషోల్డ్ మోత (మెషీన్ ఎప్పుడూ సన్నగా చేసే శబ్దం) పైకీ కిందికీ ఒకేలా వినిపించాలి. ఎర్రమట్టి దాటి తెల్ల పలుగురాళ్ల నేలలోకి వెళ్లినా, వాన పడినా మళ్లీ చేయాల్సిందే.
- సెన్సిటివిటీ చివరిదాకా తిప్పకండి. మోత నిలకడగా ఉండే చోటికి తగ్గించండి. గోలలో చిన్న నగ్గెట్ (బంగారు ముద్ద) సిగ్నల్ వినిపించదు. అయినా అరుస్తుంటే మోనో కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్నది) తీసి డబుల్-డీ (D ఆకారంలో రెండు చుట్టలున్నది) బిగించండి.