మూతపడ్డ ఫ్యాక్టరీ ఊళ్లో ఫొటోలు తీయబోతున్నారా?

ఇలాంటి చోట్ల నాకు అన్నిటికన్నా భయం వేసేది వెనక్కి వేసే అడుగంటేనే. చిమ్నీ కొన ఫ్రేములో పట్టడం లేదని కెమెరా కంటికి ఆనించుకునే జరుగుతాం. వెనక యంత్రం పీకేసిన గుంత నోరు తెరుచుకుని ఉంటుంది. అందుకని నడిచేటప్పుడు కెమెరా మెడలో ఉండాలి, కంటికి పెట్టుకున్నాక కాళ్లు కదలకూడదు.

తుప్పు తినేసిన ఇనుప జాలీ మీద దుమ్ము, ఎండుటాకులు పేరుకుంటే అచ్చం గట్టి నేలలాగే ఉంటుంది. ట్రైపాడ్ కాలితో తడితే డొల్ల శబ్దం రావచ్చు. రాకపోయినంత మాత్రాన అది మన బరువు మోస్తుందని కాదు. వాన కురిసిన మర్నాడు నీళ్లు నిలిచిన చోట అడుగే పెట్టొద్దు.

ట్యాంకులు, సొరంగాలు, నేలమాళిగల్లోకి ఎంత మంచి వెలుగు పడుతున్నా దిగకండి. ఇనుము తుప్పు పట్టేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మామూలు గాలిలో అది దాదాపు 20.9 శాతం, 19.5 కన్నా తగ్గితే ప్రమాదం కిందే లెక్క. వాసన హెచ్చరిస్తుందిలే అనుకోవద్దు. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే ముక్కునే మొద్దుబారుస్తుంది.

పాత పైకప్పు రేకుల్లో, పైపులకు చుట్టిన పూతలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అంటే పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే సన్నని ఖనిజ పీచు. ఫ్రేము శుభ్రంగా కనబడాలని వాటిని జరపడం, ఊడ్చడం వద్దు. గుడ్డ మాస్కు ఆ పీచును ఆపలేదు. రోగం బయటపడేది దశాబ్దాల తర్వాత కాబట్టి ఈ రోజు దగ్గు రాలేదని ధీమా పడొద్దు.

టెటనస్ ఇంజెక్షన్, గట్టి అడుగున్న బూట్లు, తోడుగా ఒక మనిషి, తిరిగొచ్చే వేళ ఇంట్లో చెప్పడం: ఇవి తెలిసినవే. గేటు విరిగి ఉన్నా స్థలానికి యజమాని ఉంటాడు, రాతపూర్వక అనుమతి తీసుకోండి. అసలు లోపలికే వెళ్లాలా అన్నదీ ఆలోచించండి. జర్మన్ ఫొటోగ్రాఫర్లు బెర్న్‌డ్, హిల్లా బెకర్ దంపతులు బ్లాస్ట్ ఫర్నేసుల్నీ (ఇనుము తీసే పెద్ద కొలుములు) నీళ్ల ట్యాంకుల్నీ ఎక్కువగా మబ్బు రోజుల్లో బయటి నుంచే తీసి చరిత్రలో నిలిచారు.

ఇక మనుషులు. ఇంగ్లండులోని లైన్‌మత్ తీరంలో సముద్రం ఒడ్డుకు కొట్టే బొగ్గు ఏరుకునేవాళ్లను తీయాలని ఫొటోగ్రాఫర్ క్రిస్ కిలిప్ 1976లో వెళ్తే, వాళ్లు దగ్గరికి రానిచ్చింది 1982లో. తర్వాత ఆయన అక్కడే ఒక కారవాన్‌లో (చక్రాల మీది ఇల్లు) కాపురం పెట్టాడు. మనం శనివారం వెళ్లి ఆదివారం వచ్చేస్తూ తలుపు దగ్గర కూర్చున్న ముసలాయన ముఖం మీద లెన్సు పెట్టేస్తాం! ముందు కూర్చోండి, ఆయన ఏ షిఫ్టులో ఏ పని చేశాడో అడగండి. జనం కాపురాలు చేస్తున్న ఊరికి ‘చచ్చిన ఊరు’ అని శీర్షిక పెట్టకండి.

పాత ఇనుము ఏరుకునేవాళ్ల ముఖాలు కనిపిస్తే వాళ్లకు కేసులు చుట్టుకోవచ్చు. అలాంటి ఫొటోలు బయట పెట్టకండి. మిగతావి పంపేముందు ఫైల్లోంచి లొకేషన్ వివరాలు తీసేయండి, ఫోన్‌తో తీసినవైతే మరీను.