జ్యామితి ఆకారాల బొమ్మ: అంచు చెదరకుండా ఎలా వేయాలి?

హాల్లోనో పడగ్గదిలోనో గోడకు రెండు మూడు ఆకారాలే ఉన్న బొమ్మ వేలాడదీస్తే కంటికి హాయిగా ఉంటుంది. అయితే అందులో చూడ్డానికి ఉండేది అంచొక్కటే. అది చెదిరితే చూపు అక్కడే ఆగిపోతుంది.

24×36 అంగుళాల కాన్వాస్, గెస్సో (రంగుకు ముందు కాన్వాస్‌కు వేసే తెల్లని పూత), యాక్రిలిక్ రంగులు, ఫ్లాట్ బ్రష్, స్టీల్ స్కేల్, పెయింటర్లు వాడే మాస్కింగ్ టేప్ తెచ్చుకోండి. పార్సిళ్లకు వేసే బ్రౌన్ టేప్ పనికిరాదు. గెస్సో రెండు పూతలు వేసి, ఆరాక సన్నని గరుకు కాగితంతో రుద్దండి. నేత గుంతలు పూడకపోతే వాటి వెంటే రంగు పాకుతుంది.

రంగులు మూడే. తిరుపతిలో ఉండేవాళ్లు వెతుక్కోనక్కర్లేదు. శేషాచలం కొండ రాతి ఎరుపు, బూడిద కలిసిన తెలుపు, ఒక ముదురు నీలం చాలు. బంగారు రంగు వద్దు. సగం కాన్వాస్ ఖాళీగా ఉండాలి, బరువైన ఆకారం కింది భాగంలోనే ఉండాలి.

ఇక అందరూ చెడగొట్టేది టేప్ దగ్గరే.

నేపథ్యం రంగు వేశాక ఒక రోజంతా ఆరనివ్వండి. యాక్రిలిక్ చేతికి అంటడం లేదంటే లోపల కూడా గట్టిపడిందని కాదు. తొందరపడి టేప్ అంటిస్తే, తీసేటప్పుడు రంగు పొరగా లేచి వస్తుంది. పెన్సిల్ గీత వెంట టేప్ అంటించి, పాత ఏటీఎం కార్డుతో అంచును గట్టిగా నొక్కండి.

వెంటనే కొత్త రంగు వేయకండి. ముందు ఆ నేపథ్యం రంగునే టేప్ అంచు మీద పల్చగా పూయండి. ఎంత నొక్కినా టేప్ కింద సందులు మిగులుతాయి. వాటిలోకి ఏదో ఒక రంగు పోక తప్పదు. పోయేది కింద ఉన్న రంగే అయితే కనబడదు, పైగా సందు మూసుకుపోతుంది. అది ఆరాకే అసలు రంగు. నీళ్లు కలపకుండా, టేప్ మీద మొదలుపెట్టి ఆకారం లోపలికి బ్రష్ లాగుతూ రెండు పల్చటి పూతలు వేయండి. అంచు వైపు తోస్తే రంగు టేప్ కిందికి దూరుతుంది.

రెండో పూత ఇంకా తడిగా ఉండగానే టేప్‌ను వెనక్కి మడిచి, నెమ్మదిగా ఏటవాలుగా లాగండి. మే నెలలో మన ఊళ్లో రంగు నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి ఫ్యాన్ ఆపేసి పని చేయండి. కార్తీకం వానల్లో అంత తొందర ఉండదు. ఆరిపోయిందా, ముందు బ్లేడుతో అంచు వెంట తేలిగ్గా గీసి తర్వాత లాగండి. పక్కన ఇంకో ఆకారం ఉంటే అది మర్నాడే.

టేప్ ఎందుకు, చేత్తో గీస్తే జీవం ఉంటుందని కొందరంటారు. శ్రీకాళహస్తి కలంకారీలో అది నిజమే, అక్కడ కలం పట్టిన చేయి కనబడాలి. చిత్రకారుడు మలేవిచ్ 1915లో చూపించిన నల్ల చతురస్రం కూడా కొలత ప్రకారం సరిగ్గా చతురస్రం కాదు. కానీ రోజూ కూర్చునే గదిలో, మూడే ఆకారాల మధ్య వణికిన గీత కంటికి విశ్రాంతినివ్వదు. వినైల్ స్టిక్కర్ కోయించి అతికించడం అసలు బొమ్మ వేయడమే కాదు.

చివర్లో మ్యాట్ వార్నిష్ మాత్రమే వేయండి. మెరిసే వార్నిష్ మీద మధ్యాహ్నపు ఎండ పడితే బొమ్మ బదులు కిటికీ కనబడుతుంది. వంటగదికి ఎదురుగా తగిలించవద్దు. తాలింపు జిడ్డును గుడ్డతో రుద్దిన చోటల్లా మ్యాట్ పోయి మెరుపు మరకలు తేలతాయి.