పత్తి సీజన్ వస్తోంది, ఇన్‌హేలర్ సరిగ్గా పీలుస్తున్నారా?

దసరా దాటిందంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు కడతాయి. జిన్నింగ్ మిల్లుల నూగు, దీపావళి పొగ, వరి కొయ్యకాళ్లు కాల్చిన వాసన, ఆపైన చలి, ఫిబ్రవరికల్లా మిర్చి ఘాటు. దమ్ము ఉన్నవాళ్లకు వరంగల్ చుట్టుపక్కల ఇది గడ్డుకాలమే. "పంపు (ఇన్‌హేలర్) కొట్టినా తగ్గట్లేదు" అంటుంటారు. చాలాసార్లు లోపం మందులో ఉండదు, పీల్చే తీరు సరిగ్గా లేక మందు గొంతులోనే ఆగిపోతుంది. ఆయాసం మొదలవ్వకముందే ఆ సంగతి చూసుకోవాలి.

స్ప్రే పంపును బాగా ఊపండి. వారం రోజులు వాడకుండా ఉంటే ముందు రెండు మూడుసార్లు గాలిలోకి కొట్టండి. ఊపిరంతా వదిలి, పంపు మూతి చుట్టూ పెదవులు బిగించి, పీల్చడం మొదలుపెడుతూనే నొక్కి, నెమ్మదిగా, లోతుగా పీల్చండి. గట్టిగా లాగితే మందు గొంతు వెనక గోడకు కొట్టుకుంటుంది. పది సెకన్లు ఊపిరి బిగపట్టండి. రెండో పఫ్‌కు అర నిమిషమైనా ఆగి, మళ్లీ ఊపి కొట్టండి.

క్యాప్సూల్‌లోని పొడి మందును పీల్చే రోటాహేలర్‌లో పీల్చే వేగం దీనికి ఉల్టా. అందులో పొడిని లాక్కునేది మన ఊపిరే కాబట్టి జోరుగా పీల్చాలి. పీల్చేటప్పుడు లోపల క్యాప్సూల్ గలగలమనాలి. తర్వాత తెరిచి చూడండి, పొడి మిగిలితే ఇంకోసారి పీల్చండి. దాంట్లోకి ఊపిరి వదలొద్దు, తేమకు పొడి ముద్దకడుతుంది. క్యాప్సూల్‌ను గోళీలా మింగేవాళ్లూ ఉన్నారు, నవ్వకండి, ఎవరూ చెప్పకపోతే ఎవరైనా అదే చేస్తారు. తాతకు రోటాహేలర్, మనవడికి స్ప్రే ఉన్న ఇంట్లో ఒకరిని చూసి ఒకరు పీల్చొద్దు.

స్ప్రే పంపుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం, అంటే స్పేసర్, పిల్లలకేనని పెద్దవాళ్లు నామోషీ పడతారు. నా మాట వింటే స్ప్రే వాడేవాళ్లందరూ అది పెట్టుకోవాలి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరాలన్న టెన్షన్ ఉండదు, గొంతులో పడే మందూ తగ్గుతుంది. ఒక్కో పఫ్ విడిగా కొట్టాలి. దాన్ని సబ్బు నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్‌లో పుట్టే కరెంటుకు మందు దాని గోడలకే అంటుకుంటుంది.

స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకుంటే నోట్లో తెల్లపూత వస్తుంది. బాగుంది కదా అని రోజూ వాడాల్సినదాన్ని మానేయొద్దు. డబ్బాలో మందుందో లేదో నీళ్లలో తేల్చి చూసే చిట్కాను నమ్మొద్దు, ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపే కౌంటర్ చూడండి, అది లేకపోతే లెక్క రాసుకోండి.

రిలీవర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి కొట్టే ఇన్‌హేలర్) కొట్టినా మాట పూర్తిగా రాకపోతే, పెదవులు నీలంగా మారితే వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు మనిషిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, రిలీవర్‌ను స్పేసర్‌తో ఒక్కో పఫ్ చొప్పున ఇస్తూ ఉండండి.