జీవిత పరిచయం రాయడం – 4వ పాఠం: పదవి మారితే క్రియ మారాలి

పోయినసారి మొదటి వాక్యంతో కుస్తీ పట్టాం. ఈసారి నడుమ భాగం. కొత్తగా రాసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. పదవులన్నీ వరసగా పేర్చి, అన్నిటికీ ఒకటే తోక తగిలిస్తారు: "పనిచేశారు".

నమూనాగా కెనడా నాయకుడు ఎడ్వర్డ్ ష్రేయర్‌ని తీసుకుందాం. 1935లో మానిటోబా ప్రావిన్స్‌లో పుట్టారు. 22 ఏళ్లకే, 1958లో, శాసనసభకు గెలిచారు. 1965లో ఎంపీగా దేశ రాజధాని ఒట్టావా వెళ్లి, 1969లో తిరిగొచ్చి మానిటోబాలో న్యూ డెమొక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ) పగ్గాలు పట్టారు. ఆ ఏడే ప్రీమియర్ అయ్యారు. ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడని ఒక్కసారి చెప్పి వదిలేయండి.

ఇక్కడ కర్త ఆయనే, కాబట్టి క్రియకు బలం ఉండాలి. 1971లో వాహన బీమాను ప్రభుత్వ సంస్థ చేతిలో పెట్టారు. 1972లో ప్రావిన్స్ రాజధాని విన్నిపెగ్‌నూ చుట్టుపక్కల మునిసిపాలిటీలనూ ఒకే నగరంగా కలిపారు. 1977లో ఓడిపోయారు. ఓడిపోయారనే రాయండి. "పదవీకాలం ముగిసింది" అని మొహమాటపడితే పాఠకుడికి విషయం దాచినట్టే.

1979 జనవరిలో గవర్నర్ జనరల్ అయ్యారు, అంటే అప్పటి రాణి ఎలిజబెత్ ప్రతినిధి. ఇక "చట్టం తెచ్చారు" అంటే తప్పు. తెచ్చేది ప్రధాని, ఈయనది ఆమోదముద్ర. అలాగని ప్రతిచోటా బొమ్మలా నిలబెట్టకండి. ఆ డిసెంబరులో ప్రధాని జో క్లార్క్ ప్రభుత్వం బడ్జెట్ ఓటింగులో పడిపోయింది. నా విద్యార్థి ఒకరు ఇలా రాశారు:

"ష్రేయర్ సభను రద్దు చేశారు."

తప్పు కాదు, కానీ చప్పగా ఉంది. దిద్దాక:

"సభను రద్దు చేయమని క్లార్క్ అడిగితే ష్రేయర్ వెంటనే తలూపలేదు, ఆలోచించి ఒప్పుకున్నారు."

ఆ "ఆలోచించి"లోనే గవర్నర్ జనరల్ పదవికున్న అధికారమంతా ఉంది.

నాకు మాత్రం 1980 సెప్టెంబరు ఘట్టం ఇష్టం. క్యాన్సర్ పరిశోధన నిధుల కోసం కృత్రిమ కాలితో దేశం పొడవునా పరుగు తీసిన టెరీ ఫాక్స్, జబ్బు తిరగబెట్టి మధ్యలో ఆగిపోయాడు. దేశ పౌర పురస్కారమైన ఆర్డర్ ఆఫ్ కెనడా పతకం తీసుకుని ష్రేయరే అతని ఊరు పోర్ట్ కోక్విట్లామ్ వెళ్లారు. ఇక్కడ "ప్రదానం చేశారు" కన్నా "వెళ్లారు" గొప్ప క్రియ.

అభ్యాసం: 1984లో ఆ పదవి దిగి, ఆస్ట్రేలియాలో కెనడా హైకమిషనర్ అయ్యారు. 2006లో, 70 ఏళ్లు దాటాక, పార్లమెంటు ఎన్నికలో నిలబడి ఓడారు. రెండు వాక్యాల్లో రాయండి. "పనిచేశారు" కనబడితే మళ్లీ మొదటికి రండి.