విమాన ప్రమాద దర్యాప్తు – 6వ పాఠం: ఇంజన్ ఆగిందా, ఆపారా?

పోయిన పాఠంలో కూలిన విమానం ఎడమ ప్రొపెల్లర్‌ను వర్ణించి, నేలను తాకేటప్పుడు ఇంజన్ తిరుగుతోందా అని అడిగాను. లేదని దాదాపు అందరూ సరిగ్గానే పట్టుకున్నారు. బ్లేడ్లలో మెలికలు లేవు, ముందు అంచున గాట్లు లేవు. అక్కడే కలం ఆపాల్సింది. ‘కాబట్టి ఇంజన్ ఫెయిలైంది’ అని ఇంకో వాక్యం చేర్చారు. గుంటూరు నుంచి ఒకరైతే తప్పు పైలట్‌దేనని తేల్చేశారు. అందుకే ఇంధన వ్యవస్థ పాఠం వాయిదా వేస్తున్నాను.

అది టెస్ట్ ఫ్లైట్ అని ప్రశ్న మొదటి లైన్లోనే ఉంది. టెస్ట్ ఫ్లైట్‌లో ఒక్కోసారి ఇంజన్‌ను కావాలనే ఆపుతారు. 2009 మార్చి 6న బెంగళూరు దగ్గర బిడది వద్ద కూలిపోయిన సారస్ రెండో నమూనా సంగతి చూడండి. అది నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ తయారుచేసిన రెండు ఇంజన్ల తేలికపాటి రవాణా విమానం. ఒక ఇంజన్‌ను గాలిలో ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం ఆ రోజు పరీక్షలో భాగమే. ముగ్గురు వాయుసేన అధికారులు ప్రాణాలు కోల్పోయారు. స్టార్ట్ చేయడానికి రూపొందించిన పద్ధతే సరైనది కాదనీ, దాన్ని చాలినంత ఎత్తు లేకుండా అమలుచేశారనీ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దర్యాప్తు తేల్చింది. ప్రొపెల్లర్ తయారుచేసిన కంపెనీని అడగకుండానే ఆ పద్ధతి రాశారని కూడా చెప్పింది. శకలాలను ఎంత శ్రద్ధగా చూసినా ఈ మాట దొరకదు. నేనైతే ఫొటోల కంటే ముందు టెస్ట్ కార్డు, అంటే ఆ రోజు పరీక్ష ఎలా చేయాలో రాసిన కాగితం, అడుగుతాను. ఆ విమానం ఎక్కిన మనుషులు ఏ కాగితాన్ని నమ్మి ఎక్కారో తెలియకుండా వాళ్ల గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదు.

ఇక ‘చాలినంత ఎత్తు’ దగ్గర మన ప్రాంతం వాళ్లు పదే పదే పడే గుంట ఒకటుంది. గన్నవరం రన్‌వే సముద్రమట్టానికి వంద అడుగుల ఎత్తు కూడా ఉండదు. ఇక్కడ ఎత్తు చూపే ఆల్టిమీటర్ 7,000 చూపిస్తే కింద దాదాపు 7,000 అడుగుల గాలి ఉన్నట్టే. బెంగళూరు పీఠభూమి అలా కాదు, అక్కడ నేలే రెండున్నర మూడు వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. సముద్రమట్టం లెక్కకు పెట్టిన ఆల్టిమీటర్‌లో అదే 7,000 కనిపించినా, పైలట్ చేతిలో ఉన్నది నాలుగు వేల చిల్లర. విమానం రికార్డర్‌లో (బ్లాక్ బాక్స్‌లో) ఎత్తు కనబడగానే పక్కన ‘నేల నుంచి’ అని ఇంకో గడి గీయండి. టెస్ట్ కార్డులో ఎత్తు రాసి ఉంటే, ఎక్కడి నుంచి కొలిచారో అడగండి. నివేదిక చదువుతున్నా అడగండి. ఈ గడి లేని టైమ్‌లైన్ నాకు పంపొద్దు, చదవను.

అభ్యాసం: ఆల్టిమీటర్ 7,000 చూపుతుండగా ఆపిన ఇంజన్‌ను స్టార్ట్ చేయడం మొదలుపెట్టారు. విమానం నిమిషానికి 1,800 అడుగులు దిగుతోంది. ఒక్కో ప్రయత్నానికి 40 సెకన్లు పడుతుంది. నేల నుంచి 3,000 అడుగులకు దిగాక ఇక ప్రయత్నించకూడదు. నేల ఎత్తు 2,500 అడుగులైతే ఎన్ని పూర్తి ప్రయత్నాలు కుదురుతాయి? గన్నవరం మీద అయితే ఎన్ని? తర్వాత, ఈ కార్డు రాసిన ఇంజనీరును అడగాల్సిన పది ప్రశ్నలు రాయండి. ‘తప్పు’ అనే మాట ఎక్కడా రాకూడదు. జవాబు అవును, కాదు అని వచ్చే ప్రశ్నలు లెక్కలోకి రావు.