టీనేజీ డిస్టోపియా నవల రాద్దాం – 3వ పాఠం: రూలు, దాని లెక్క

పోయినసారి హోంవర్క్ ఇచ్చాను, గుర్తుందా? మీ గల్లీలో యాభై ఏళ్ల తర్వాత కూడా ఉండే వస్తువు ఒకటి, మాయమైపోయే వస్తువు ఒకటి రాసిపెట్టుకోమన్నాను. రాయనివాళ్లు ఇప్పుడైనా రాసుకోండి, ఈ పాఠంలో వాటితో పనుంది. నేను రాసుకున్నవి ఇవి: ఉండేది ప్లాస్టిక్ బిందె, పోయేది నల్లా.

ఇవాళ రూలు పెడదాం. భవిష్యత్తులో బతుకు నరకమైపోయిన లోకాన్ని డిస్టోపియా అంటారు. అదంటే ఎగిరే కార్లో, కూలిపోయిన చార్మినారో కాదని మొదటి పాఠంలోనే అనుకున్నాం. ఒక రూలు, దాని కింద బతికే పిల్లలు, అంతే. రెండో రూలు పెట్టాలని చెయ్యి దురద పెడుతోందంటే మొదటిదాన్ని మీరు సగం కూడా వాడుకోలేదన్నమాట.

నా మొదటి ప్రయత్నం గురించి చెప్తాను. నలభై పేజీలు రాశాను. ఒక నియంత, గాజు మేడ, డ్రోన్ల సైన్యం. పుస్తకాలు నిషేధం, పాటలు నిషేధం, నవ్వు కూడా నిషేధమే అనుకుంటా. తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురికి ఇచ్చాను. పదో పేజీ దగ్గర ఆపేసి, "మామయ్యా, అన్నీ బంద్ చేసిండు సరే, వీళ్లింట్ల పొద్దున నీళ్లు ఎట్ల వస్తయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ నలభై పేజీలు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

అప్పట్నుంచి నాకు ఒకటే పరీక్ష. పొద్దున ఆరింటికల్లా ఆ రూలు వంటింట్లోకి రావాలి. రాకపోతే అది గోడ మీద పోస్టర్ మాత్రమే.

రూలు కన్నా ముందు దానికో కారణం కావాలి, అదీ మంచి కారణం. మన హైదరాబాద్ నీళ్ల చరిత్రే చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మళ్లీ అలాంటి వరద రాకూడదనీ, ఊరికి తాగునీళ్లు కావాలనీ 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఆ రెండు చెరువులనూ కాపాడడానికి 1996లో జీవో 111 వచ్చింది. చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్యం తెచ్చే ఫ్యాక్టరీలూ పెద్ద పెద్ద కట్టడాలూ వద్దంది. వరదకు కట్ట, కట్టకు కాపలా, కాపలాకు కాగితం. ఈ వరసలో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. (జీవో 111 చెడ్డదని అనడం లేదు. 2022లో దాని ఆంక్షలు ఎత్తేశారని నాకు వేరే కోపం ఉంది, అది ఈ పాఠంలో వద్దు.) మీ నవల్లో రూలు కూడా ఇలాగే పుట్టాలి. చదివే పిల్లకి మొదటి పేజీలో "బాగానే ఉంది కదా" అనిపించాలి.

ఇక పని మొదలుపెడదాం. కొత్త రూలు కనిపెట్టకండి. ఇప్పుడు అమల్లో ఉన్నదే తీసుకుని ఒక్క ముక్క మార్చండి. 2021 నుంచి హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్ల దాకా నీళ్లు ఉచితం. నేను దీన్ని 2071కి తీసుకెళ్లాను. చెరువులు ఎండాయి, నల్లా పోయింది, నీళ్లు ట్యాంకర్ మీదే వస్తాయి. లీటర్లు తగ్గాయి కానీ కోటా పద్ధతి అలాగే ఉంది. మార్చిందల్లా ఆ కోటా దేని మీద ఆధారపడుతుందన్నదే. దాన్ని జీవో భాషలో రాశాను, ఎందుకంటే ఆ భాషలో ఎవరికీ కోపం ఉండదు:

"జలవనరుల పొదుపు మరియు విద్యాభివృద్ధి దృష్ట్యా, 12 నుండి 18 సంవత్సరముల విద్యార్థి హాజరు శాతమును అనుసరించి కుటుంబ నీటి కోటా నిర్ణయించబడును. హాజరులో తగ్గిన ప్రతి ఒక శాతమునకు మరుసటి నెలలో దినమునకు ఒక బిందె తగ్గించబడును. ఒకే కుటుంబమున ఇద్దరు విద్యార్థులున్న యెడల తక్కువ హాజరు పరిగణించబడును."

ఇప్పుడు పెన్ను పక్కన పెట్టి లెక్క చెయ్యండి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, కథలన్నీ ఇక్కడే దొరుకుతాయి. నలుగురున్న ఇంటికి రోజుకు 20 బిందెలు అనుకుందాం, బిందెకు 15 లీటర్లు, మొత్తం 300. నెలకు బడి 25 రోజులు. ఒక్కరోజు ఎగ్గొడితే నాలుగు శాతం, అంటే నాలుగు బిందెలు. జ్వరంతో మూడు రోజులు పడుకుంటే పన్నెండు బిందెలు పోతాయి. మిగిలేవి ఎనిమిది, 120 లీటర్లు. మనిషికి ముప్ఫై, స్నానంతో కలిపి. ఇక జీవోలో మూడో వాక్యం చూడండి: తమ్ముడికి జ్వరం వస్తే అక్క జుట్టు తడవదు. ఇంట్లో టెన్షన్ పెట్టడానికి నాకు డ్రోన్లు అక్కర్లేదు.

సుజాన్ కాలిన్స్ 2008లో వచ్చిన 'ది హంగర్ గేమ్స్' నవల్లో చేసింది ఈ లెక్కే. ఒకరినొకరు చంపుకోవాల్సిన ఆటకి బలిగా వెళ్లే పిల్లల్ని చీటీ తీసి ఎంచుతారు. పన్నెండేళ్లకు పేరు ఒకసారి, పదమూడుకు రెండుసార్లు, అలా పద్దెనిమిదికి ఏడుసార్లు పడుతుంది. ఇంట్లో తిండికి లేనివాళ్లు అదనంగా ధాన్యం తీసుకుంటే పేరు ఇంకోసారి పడుతుంది. అవన్నీ ఏటేటా పోగవుతాయి. చీటీ అందరికీ ఒకటే, పేదింటి పిల్లకి మాత్రం చీటీలు ఎక్కువ. రచయిత్రి ఎక్కడా ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, ఆ కూడికే చెప్పేస్తుంది.

నా రూల్లో డబ్బున్నవాళ్లు ఏం చేస్తారు? జవాబు మీకూ తెలుసు: ప్రాక్సీ, అంటే రానివాళ్ల బదులు ఇంకొకరు హాజరు పలకడం. ఇప్పుడు కాలేజీలో ఫ్రెండ్ కోసం ఊరికే చెప్పే ప్రాక్సీకి అప్పుడు రేటు ఉంటుంది, బిందెల్లో.

లెక్క అయ్యాక ఒక్క పేరా రాసి చూసుకోండి. నాది ఇదీ:

నాలుగున్నరకి ట్యాంకర్ హారన్ మోగింది. మౌనిక ఒళ్లు కాలిపోతోంది. అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. థర్మామీటర్ వెతకలేదు. గోడకి బోర్లించిన బిందెల వైపు చూసింది. "ఇవాళ ఒక్కరోజు పోయొస్తవా బిడ్డా? ఏం రాయకు, ఊకె కూసో" అంది.

గమనించారా, పోలీసు లేడు, అధికారి లేడు. రూలుని అమలు చేస్తున్నది అమ్మ. మొదట ఈ పేరాలో "ప్రభుత్వం క్రూరమైనది" అని ఒక వాక్యం ఉండేది. కొట్టేశాను.

ఒక చిన్న జాగ్రత్త. భవిష్యత్తు కదా అని ఊళ్ల పేర్లు 'సెక్టార్ 7' అని మార్చేయకండి. మాసాబ్ ట్యాంక్‌లో ఇప్పుడు ట్యాంకు లేదు, పార్కు ఉంది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మా మౌనిక అంబర్‌పేటలోనే ఉంటుంది.

ఈసారి హోంవర్క్: ఇప్పుడు మీ ఇంటికి వర్తించే రూలు ఏదైనా తీసుకోండి, కరెంటు బిల్లు స్లాబు, బస్ పాస్, రేషన్ కార్డు, ఏదైనా సరే. ఒక్క ముక్క మార్చి నాలుగు లైన్ల జీవో రాయండి. తర్వాత ఒక నెల లెక్క కాగితం మీద వేయండి, జ్వరం వచ్చిన వారంతో సహా. ఇంట్లో టీనేజీ పిల్లలుంటే జీవో వాళ్లకిచ్చి ఒకటే అడగండి: "దీన్ని ఎలా తప్పించుకుంటావ్?" వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో బిందెలకు ప్రాక్సీ చెప్పే కుర్రాణ్ణి తయారు చేయడానికి అది కావాలి.