రూము, టికెట్టు, దర్శనం: డబ్బు కొట్టేముందు చూడాల్సినవి

ఒకప్పుడు దొంగ సైటును దాని తెలుగే పట్టించేది. ‘మీ యొక్క గది బుకింగ్ చేయబడినది కొరకు ధన్యవాదములు’ అని కనపడగానే జనం నవ్వుకుని మూసేసేవాళ్లు. ఆ ధీమా ఇక పనికిరాదు. ఏఐ సాయంతో అచ్చం టీటీడీ సైటులాంటిది పూటలో తయారవుతుంది. చాట్ పెట్టెలో ‘పెద్దవాళ్లున్నారాండీ, అయితే కింది అంతస్తులో ఇస్తాం’ అని మర్యాదగా జవాబొస్తుంది. రివ్యూలు కూడా ఒక్కోటి ఒక్కో మనిషి రాసినట్టే ఉంటాయి. రాత, ఫోటో, గొంతు చూసి నమ్మే రోజులు పోయాయి. మోసగాడు మార్చలేనివి రెండు మిగిలాయి: బ్రౌజరు పైన కనపడే చిరునామా, మీ డబ్బు చేరే ఖాతా పేరు. ఈ రెండూ చదవడం వస్తే సగం గండం గడిచినట్టే.

చిరునామా కుడి నుంచి ఎడమకు

డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి మాట తర్వాత వచ్చే మొదటి స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్ణుంచి ఎడమవైపుకి చదవండి. టీటీడీ అసలు చిరునామా ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. చివర ఉన్న ‘గవ్ డాట్ ఇన్’ ప్రభుత్వ సంస్థలకు తప్ప బయటివాళ్లకు ఇవ్వరు. దొంగ సైట్లలోనూ గవ్ అనే మాట ఉంటుంది, కానీ ఉండాల్సిన చోట ఉండదు. చుక్క ఉండాల్సిన చోట చిన్న అడ్డగీత పెట్టి, చివర డాట్ కామ్ తగిలిస్తారు. ఫోన్లో చిరునామా సగమే కనపడుతుంది కాబట్టి దానిమీద ఒకసారి నొక్కి, చివరిదాకా జరిపి చూడాలి. పక్కనుండే తాళం గుర్తు చూసి మురిసిపోకండి. మీకూ ఆ సైటుకూ మధ్య ఎవరూ తొంగిచూడలేరని మాత్రమే దానర్థం. అవతల కూర్చున్నది దొంగైనా తాళం వస్తుంది, ఆ సర్టిఫికెట్టు ఉచితంగా దొరుకుతుంది.

రైలుకు ‘ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్’, లేదా ప్లే స్టోర్‌లోని రైల్ కనెక్ట్ యాప్. కేదార్‌నాథ్ హెలికాప్టరుకు ‘హెలీయాత్ర డాట్ ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్’ ఒక్కటే. గూగుల్లో వెతికినప్పుడు పైన ‘స్పాన్సర్డ్’ అని వచ్చేవి డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలు, వాటిని దాటి కిందికి వెళ్లండి.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తిరుమల విషయంలో మోసపోవడానికి కారణం దూరం కాదు, దగ్గరే. నెల్లూరు నుంచి కొండకు మూడు గంటల దారి, అనుకున్నదే తడవుగా బయల్దేరతాం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లేమో నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోయి ఉంటాయి. సరిగ్గా ఆ సందులోకి ‘గ్రూపు కోటాలో నాలుగు మిగిలాయి’ అనే వాట్సాప్ మెసేజి దూరుతుంది. వాళ్లు పంపే టికెట్టు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, క్యూఆర్ కోడుతో సహా. క్యూ దగ్గర స్కాన్ చేసినప్పుడు గానీ బండారం బయటపడదు. రేపటి దర్శనానికి ఇవాళ ఇంట్లో కూర్చుని 300 టికెట్టు కొనిపెడతామన్న వాణ్ణి ఇంకేమీ పరీక్షించక్కర్లేదు.

వాట్సాప్‌లో ఏపీ ప్రభుత్వ సేవల ‘మన మిత్ర’ నంబరు 95523 00009. ఆర్టీసీ టికెట్లూ కొన్ని ఆలయ సేవలూ అందులో దొరుకుతాయి. ఈ నంబరు మీ చేత్తో మీరే సేవ్ చేసుకోండి. ఎవరో పంపిన లింకు నొక్కి చాట్ మొదలుపెడితే అదే లోగోతో ఇంకెవరో పలకొచ్చు.

పేరు చదవనిదే పిన్ కొట్టొద్దు

యూపీఐలో డబ్బు పంపేముందు స్క్రీన్ మీద ఒక పేరు వస్తుంది. 2025 జూన్ చివరి నుంచి యాప్‌లు బ్యాంకులో నమోదైన పేరే చూపించాలన్నది నియమం. వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు చూపించకూడదు. ‘సీ వ్యూ రిసార్ట్స్’ అని బోర్డు పెట్టిన మనిషికి డబ్బు పంపబోతే అక్కడ ఏ రాష్ట్రంవాడిదో తెలియని పేరు వచ్చిందనుకోండి, అక్కడే ఆగిపోండి. ‘అది మా అకౌంటెంట్ ఖాతా సార్’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ మాటకు కరిగిపోయే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

పెద్ద మొత్తమైతే జీఎస్టీ నంబరు అడగండి. అందులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: ఆంధ్రకు 37, తెలంగాణకు 36, తమిళనాడుకు 33. కొత్తపట్నం బీచిలో ఉన్నామనే రిసార్టు 37తో మొదలుకాని నంబరిస్తే ఎందుకని అడగాలి. జీఎస్టీ పోర్టల్లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ దగ్గర ఆ నంబరు కొడితే అసలు పేరు వస్తుంది, లాగిన్ అక్కర్లేదు. నంబరు నిజమైనంత మాత్రాన సరిపోదు, ఎవరిదో నంబరు ఎత్తుకొచ్చి పెట్టొచ్చు. అందులోని పేరూ, యూపీఐలో కనపడ్డ పేరూ కలవాలి. కలిస్తేనే ముందుకెళ్లండి, అదీ ఒక రాత్రి అద్దెకు మించి అడ్వాన్సు ఇవ్వకుండా. వీలైతే క్రెడిట్ కార్డు వాడండి. కార్డు లావాదేవీ మీద బ్యాంకులో వివాదం వేసి వెనక్కి అడగడానికి దారి ఉంటుంది. పిన్ కొట్టి పంపిన యూపీఐ డబ్బుకు అంత తేలికైన దారి లేదు. రీఫండు పేరుతో పిన్ కొట్టమన్నా, క్యూఆర్ స్కాన్ చేయమన్నా అది మోసమే. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు.

ఫోటోల సంగతి

మైపాడు దగ్గర ‘సముద్రంలో సూర్యాస్తమయం చూసే గదులు’ అని ప్రకటన కనపడిందా? మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కుంకేది మన వీపు వెనక. ఏఐకి బీచి అంటే ఎక్కడో ఏ తీరమో గుర్తొస్తుంది, నీళ్లు కూడా నీలిరంగు గాజులా ఉంటాయి. వానాకాలంలో మాత్రమే పారే జలపాతం ఎండాకాలంలో ఉరకలేస్తున్నట్టు చూపినా ఇదే కథ. ఫోటోను గూగుల్ లెన్స్‌లో పెడితే వేరే ఊళ్ల పేర్లతో బయటపడొచ్చు. ఏఐ కొత్తగా సృష్టించిన బొమ్మైతే ఎక్కడా దొరకదు, కాబట్టి దొరకలేదని నమ్మేయొద్దు. మ్యాప్స్‌లో ఆ చోటు పక్కనున్న టీ కొట్టుకో, ఇంకో లాడ్జికో ఫోన్ చేసి ‘మీ పక్కన ఫలానా రిసార్టుందా?’ అని అడగడం అన్నిటికన్నా మేలు. పది నిమిషాల పని.

టికెట్టు చేతికొచ్చాక

రైలు పీఎన్ఆర్ 10 అంకెలు. 139కి ఫోన్ చేసి చూసుకోవచ్చు. మనకు దగ్గరి విమానాశ్రయాలు రేణిగుంట, చెన్నై. అక్కణ్ణుంచి ఏజెంటు తీసిన విమాన టికెట్టైతే ఆ ఎయిర్‌లైన్ సొంత సైటులో ‘మేనేజ్ బుకింగ్’ దగ్గర ఆరక్షరాల పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టండి. పేరు కనపడినా సంబరపడొద్దు. డబ్బు కట్టకుండా కొన్ని గంటలు సీటు పట్టి ఉంచే పద్ధతి ఉంది, దానిక్కూడా పీఎన్ఆర్ వస్తుంది. అది చూపించి డబ్బంతా లాగేసి, మర్నాటికి సీటు వదిలేస్తారు. టికెట్టు ఖరారైందని అక్కడ రాసుందా చూడాలి.

టికెట్టు ఎప్పుడూ పీడీఎఫ్‌గానో మెసేజిగానో వస్తుంది. ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది యాప్, మీ ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు ఎత్తుకుపోవడానికి పంపింది. పొరపాటున ఇన్‌స్టాల్ చేస్తే వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి, ఆ తర్వాత యాప్ తీసేయండి.

కస్టమర్ కేర్ నంబరును గూగుల్లోనూ, ఏఐ చాట్‌లోనూ అడగొద్దు. దొంగలు నెట్‌లో చల్లిపెట్టిన నంబర్లనే అవి ఏరుకొచ్చి ఇచ్చే ప్రమాదం ఉంది. యాప్ లోపల ఉన్న నంబరుకే చేయాలి. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటే ఫోన్ పెట్టేయండి. రైల్వే వాళ్లు రద్దు చేసిన రైలుకు ఈ-టికెట్టు డబ్బు దానంతటదే వస్తుంది, ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు.

‘అమా, నేనే’

కువైట్లోనో అమెరికాలోనో పిల్లలున్న ఇళ్లకు ఇది. ‘అమా, ఎయిర్‌పోర్టులో ఆపేశారు, పాస్‌పోర్టు లాక్కున్నారు, లక్ష పంపించు, నాయనకు చెప్పొద్దు’ అని ఏడుపు గొంతు. ఇన్‌స్టాలో పెట్టిన రీలు నుంచి కొన్ని సెకన్ల గొంతు దొరికితే చాలు, నకలు తయారవుతుంది. అక్కడే పెట్టేసి, మీ ఫోన్లో ముందే ఉన్న నంబరుకు మీరు చేయండి. ఎత్తకపోతే, ఆ గొంతు మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఇంట్లోవాళ్లకే జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి అడగండి: ‘అవ్వ చేసిన పులుసులో నువ్వు ఏరి పక్కన పెట్టేదేంది?’ పుట్టినరోజు, బడి పేరు అడిగితే ఫేస్‌బుక్‌లో దొరుకుతాయి. ప్రయాణానికి ముందే ఆ ప్రశ్నేదో ఇంట్లో అనుకుని పెట్టుకోవాలి.

డబ్బు పోయిందని తెలిస్తే

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. ఆ తర్వాత బ్యాంకు, ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో ఫిర్యాదు. డబ్బు ఒక ఖాతా నుంచి నాలుగైదు ఖాతాలకు చీలి ఏటీఎం చేరేలోపు ఆపితేనే మిగులుతుంది కాబట్టి, బంధువులను సలహా అడగడం తర్వాత పెట్టుకోండి. ఫోన్ చేసేటప్పుడు 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు, తేదీ, సమయం, మొత్తం దగ్గరుంచుకోవాలి. చాట్ చెరిపేయొద్దు, అవతలివాణ్ణి బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్లు తీయండి. ఇచ్చిన ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. ఆ తర్వాత వారం పది రోజుల్లో ‘మీ డబ్బు దొరికింది, విడిపించడానికి ఫీజు కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే, వాడు మొదటివాడి తోడుదొంగ. ఆగిన డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఫీజు ఎవరూ అడగరు.